పండగ రాత్రి, పంచాయతీ లక్ష

ప్రశ్న: మాది విజయనగరం జిల్లాలో చీపురుపల్లి, రాజాం మధ్య ఒక పల్లె. నేను పంచాయతీ వార్డు సభ్యురాలిని. మూడేళ్లకోసారి చేసే అమ్మవారి పండగ ఈ ఏడాది వచ్చింది. చివరి రాత్రికి పట్నం నుంచి డ్యాన్స్ ట్రూపును, డీజేను తెస్తామని మా అబ్బాయి, వాడి స్నేహితులు పట్టుబట్టారు. మా మామగారు రిటైరైన తెలుగు మాస్టారు. పద్యనాటకం, తప్పెటగుళ్లు తప్ప మరేది వేదిక ఎక్కినా ఊరికి అప్రతిష్ఠ అంటారు ఆయన. సర్పంచ్ గారు పంచాయతీ నిధుల నుంచి లక్ష రూపాయలు ఇద్దామని, ఏ కార్యక్రమానికో సభ్యులే తేల్చాలని అన్నారు. అప్పటి నుంచి ఒకే ఇంట్లో ఉన్న తాత, మనవడు మాటలు మానేసి ఊరి వాట్సాప్ గ్రూపులో తిట్టుకుంటున్నారు. చర్చికి వెళ్లే మూడు కుటుంబాలవాళ్లు "మా ఇంటిపన్ను మీ జాతరకా?" అని నన్ను అడిగారు. చెన్నైలో పనిచేస్తున్న మా ఆయన "నాన్న చెప్పినట్టు వెయ్యి" అన్నారు. నిజం చెప్పాలంటే నాకు సినిమా పాటలే ఇష్టం. కానీ ఆ రాత్రి అక్కడ కూర్చోలేను. నా ఓటు ఎటు వేయాలి?

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరాన్ని కుదించి వేశాను, ఏమీ అనుకోకండి. అసలు ఉత్తరం నాలుగు పేజీలు. లక్ష రూపాయల సంగతి ప్రతి పేజీలోనూ ఉంది. మీ సంగతి మాత్రం చివర్లో ఒక్కచోట, అదీ తప్పు ఒప్పుకుంటున్నట్టుగా వచ్చింది. పాటలు ఇష్టమే, కానీ కూర్చోలేను అన్నారు. మీ మామగారు, మీ అబ్బాయి ఇద్దరూ ఊరి తరఫున మాట్లాడుతున్నామనే అనుకుంటున్నారు. ఊళ్లో సగంమందికి, అంటే ఆడవాళ్లకు, అక్కడ కూర్చునే చోటే లేదన్నది ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

మా అమ్మమ్మది నెల్లిమర్ల వైపు పల్లె. తూర్పు భాగవతంలో సత్యభామ పాటలన్నీ ఆవిడకు నోటికి వచ్చు. ఆట మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఆడవాళ్లు రాత్రిపూట మేళం దగ్గరకు వెళ్లడం ఆ ఇంట్లో లేదు. అరుగు మీద పడుకుని మద్దెల వింటూ నేర్చుకుందట. అంటే పాతకాలపు ఆట పవిత్రం, అందరూ కలిసి కూర్చుని చూసేవారు అని మీ మామగారు రాసిన పోస్టులో సగమే నిజం. కూర్చున్నవాళ్లను అడిగితే ఆ సగమే చెబుతారు మరి.

ఇక మీ తగాదా. మీ ఊళ్లో నిజానికి రెండు గొడవలు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. ఏ ఆట మంచిదన్నది ఒకటి, పంచాయతీ సొమ్ము దేనికి పెట్టాలన్నది మరొకటి. సర్పంచ్ గారు లక్ష అనగానే మొదటి గొడవలో ఉన్నవాళ్లకు రెండోది కర్రలా చేతికి దొరికింది. "నాకు నచ్చదు" అంటే ఎవరూ లెక్కచేయరు, "ప్రజల సొమ్ము" అంటే అందరూ ఆగి వింటారు. మీ మామగారు "ప్రజల సొమ్ముతో బూతు" అని రాశారు. మీ అబ్బాయి "పదిమంది ముసలివాళ్ల కోసం ప్రజల సొమ్ము" అని రాశాడు. రెండింటిలోంచీ ఆ రెండు మాటలు తీసేసి చదవండి. మిగిలేది తాతకు మనవడి ఇష్టం మీద, మనవడికి తాత ఇష్టం మీద ఉన్న చిన్నచూపే. దానికి పంచాయతీ తీర్మానం అక్కర్లేదు.

మొదటి గొడవకు మన జిల్లాలో నూట ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ నాటక సమాజం గురజాడ 'కన్యాశుల్కం' ఆడింది. వెనక ఉన్నది విజయనగరం మహారాజు ఆనంద గజపతి ప్రోత్సాహం. సరిగ్గా ఆ రోజుల్లోనే భోగం మేళాలను వెలివేయాలని కందుకూరి వీరేశలింగం వంటివారు ఉద్యమం నడుపుతున్నారు. మేజువాణీకి, అంటే ఆ మేళాల ఆటపాటలకు, వెళ్లినవాడు పెద్దమనిషి కాడన్నది కొత్త నీతి. పెళ్లిలో మేజువాణీ పెట్టించకపోతే పరువు తక్కువన్నది పాత మర్యాద. గురజాడ ఆ ఉద్యమంలో మనసు పెట్టిన సౌజన్యారావు పంతులును నాటకంలోకి తెచ్చి, వేశ్యల ముఖం చూడనన్న ఆయన ఎదుటే వేశ్య మధురవాణిని మగవేషంలో కూర్చోబెట్టాడు. నాటకమంతటిలో బుద్ధి, దయ ఎక్కువున్న మనిషి మధురవాణే. భాష చూడబోతే వీధిలో మాట్లాడుకునే వాడుక భాష. ఇప్పుడు ఆ పుస్తకం మీ మామగారి బీరువాలో ఉండే ఉంటుంది, పిల్లలకు పాఠం చెప్పి కూడా ఉంటారు. ఈ మాట ఆయన్ను ఓడించడానికి చెప్పడం లేదు. తెలుగు మాస్టారికి నాకంటే బాగా తెలిసిన సంగతే ఇది, పండగ కోపంలో పక్కన పెట్టారంతే.

మీ అబ్బాయి పక్షమూ అంత శుభ్రంగా లేదు. "పద్యనాటకంలో బూతు లేదా, 'చింతామణి'ని ప్రభుత్వమే నిషేధించింది కదా" అని తాతకు జవాబిచ్చాడని రాశారు. నిషేధం నిజమే, 2022 జనవరిలో. ఆ నాటకంలో సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు చాలాకాలం అడిగాక వచ్చింది. కానీ కాళ్లకూరి నారాయణరావు దాన్ని రాసింది వేశ్యావ్యామోహం కొంపలు ముంచుతుందని చెప్పడానికి. మరి అదెలా మారింది? కొన్ని బృందాలు ఊరూరా ఈలల కోసం మాటలు కలుపుకుంటూ పోయాయి. ముందు వరసలో ఈల వేసినవాడు నాటకం రాయకుండానే నాటకాన్ని మార్చేశాడు. మీ అబ్బాయి తెస్తానంటున్న డ్యాన్సుకు ఇదే వర్తిస్తుంది. పది గంటల వరకు చూడదగ్గదిగానే ఉన్న ఆట, పిల్లలూ ఆడవాళ్లూ ఇళ్లకు వెళ్లాక ఎందుకు మారుతుందో వాడికి తెలుసు. అప్పుడు ముందుకు జరిగి కూర్చునేది ఎవరో కూడా తెలుసు.

మార్పు ఎటైనా జరగవచ్చు. శ్రీకాకుళం రైతాంగ పోరాటంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ చెప్పుకుంటూ పల్లెలు తిరిగారు. 1969లో పోలీసుల చేతిలో చనిపోయారు. అప్పట్లో అధికారులకు వినబడకూడని ఆ జముకు ఈరోజు ప్రభుత్వ వేదికల మీదే మోగుతోంది. కాబట్టి ఏ వాయిద్యం ఊరికి గౌరవం, ఏది అప్రతిష్ఠ అన్నది ఇప్పుడు ఓటు వేసి తేల్చేస్తే పాతికేళ్ల తర్వాత చదివేవాళ్లు నవ్వుకుంటారు.

మీ అబ్బాయి స్నేహితుల గురించి ఒక మాట. అందులో సగంమంది చెన్నైలోనో హైదరాబాదులోనో కూలికి, కంపెనీ పనులకు వెళ్లినవాళ్లేనని రాశారు. మన జిల్లాల్లో ఊరి పండగంటే ఇంకేమిటి? రైలులో నిలబడి వచ్చి, మూడు రాత్రులు ఊళ్లో ఉండి, నాలుగో పొద్దున మళ్లీ రైలెక్కే పిల్లలు. ఎక్కువ చందా రాసేదీ వాళ్లే. ఏడాదంతా వాళ్ల చెవిలో మోగే పాట ఫోనులోని సినిమా పాట. ఆ పాట అందరి మధ్యా, తమ ఊళ్లో, గట్టిగా మోగాలని కోరుకుంటారు. సంస్కృతి మీద దాడి అని మీ మామగారు పేరు పెట్టారు గానీ, నాకు అందులో ఇంటి మీద బెంగే ఎక్కువ కనిపిస్తోంది. మీ మామగారు యవ్వనంలో హరిశ్చంద్ర నాటకం కాటి సీను పద్యానికి "వన్స్‌మోర్" అని కేకలు వేయలేదా, హార్మోనిస్టుకు రూపాయి నోటు గుచ్చలేదా అని అడిగి చూడండి.

ఇప్పుడు రెండో గొడవ, డబ్బుది. నాకు గట్టి అభిప్రాయం ఉన్నది ఇక్కడే.

ప్రజల సొమ్ము కళకు వెళ్లకూడదన్నవాళ్లతో నేను ఏకీభవించను. గజపతులు 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ నేర్పారు. ఘంటసాల ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకుని తింటూ అక్కడే చదువుకున్నారు. సుశీల కూడా ఆ కళాశాలలో నేర్చుకున్నవారే. ఇప్పుడది ప్రభుత్వ కళాశాల. రాజుగారి సొమ్మంటే ఏమిటి, రైతు కట్టిన శిస్తే కదా. ఆ శిస్తు ఒక చదువులోకి వెళ్లింది కాబట్టే మీ మామగారు మెచ్చే పద్యం, మీ అబ్బాయి ఫోనులో మోగే పాటకు పూర్వీకురాలైన సినిమా పాట, రెండూ ఒకే గేటులోంచి బయటికి వచ్చాయి. అదే రాజులు మేజువాణీలకూ, విందులకూ పోసిన డబ్బు ఏమైందో తెల్లారేసరికే ఎవరికీ గుర్తులేదు.

అందుకని నా కొలత ఇది. పందిరి విప్పాక ఊళ్లో ఏదైనా మిగిలేటట్టయితే పంచాయతీ డబ్బు పెట్టండి. ఆ ఒక్క రాత్రి సంతోషానికి చందా డబ్బు పెట్టండి. ఈ కొలతతో చూస్తే డీజేకు లక్ష ఇవ్వకూడదు, పద్యనాటకానికీ ఇవ్వకూడదు. మీ మామగారికి రెండో సగం రుచించదు. కానీ ఆయనకు నిజంగా తప్పెటగుళ్ల మీద ప్రేమ ఉంటే, గుండెల మీద తప్పెట కట్టుకుని, కాళ్ల గజ్జెలతో గెంతుతూ, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడే ఆ ఆట నేర్పడానికి మీ చుట్టుపక్కల గురువు ఎవరున్నారో వాకబు చేయమనండి. వేసవి సెలవుల్లో ఊరి బడి ఆవరణలో రెండు నెలలు పిల్లలకు నేర్పిస్తే, ఆ గురువు జీతానికి పంచాయతీ డబ్బు ఇచ్చినందుకు నేను ముందు వరసలో నిలబడి చప్పట్లు కొడతాను. ఆడపిల్లలకు కూడా నేర్పాలన్న షరతు మీరు పెట్టండి.

చట్టం వైపు రెండు మూడు సంగతులు సమావేశానికి ముందే తెలుసుకుని వెళ్లండి. ఆ లక్ష ఏ పద్దు నుంచి వస్తుందో పంచాయతీ కార్యదర్శిని రాతపూర్వకంగా అడగండి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పల్లెలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే ముడిపెట్టింది. ఆ డబ్బుతో ఏ ఆటా ఆడించలేరు, పద్యమైనా డ్యాన్సైనా. ఇంటిపన్ను వంటి సొంత ఆదాయం నుంచి ఇస్తామంటే తీర్మానం పుస్తకంలో ప్రయోజనం ఏమని రాస్తారో చూడండి. రేపు ఆడిట్‌లో అభ్యంతరం వస్తే సంతకాల్లో మీదీ ఒకటి ఉంటుంది. సర్పంచ్ గారు మంచి మనసుతోనే అని ఉండవచ్చు. ఎన్నికల ముందు ఏడాదిలో మంచి మనసులు కాస్త ఎక్కువగా కనిపిస్తుంటాయి, అది వేరే సంగతి.

చర్చికి వెళ్లే మూడు కుటుంబాల ప్రశ్న దబాయించి పంపేసేది కాదు. ఒక మతాన్ని పోషించడానికే ప్రత్యేకించిన పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 27వ అధికరణం చెబుతుంది. అయితే హజ్ సబ్సిడీ మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2011లో, పన్నుల రాబడిలో గణనీయమైన భాగం ఒక మతానికి పోతే ఆ అధికరణం అడ్డువస్తుంది గాని, కొద్ది భాగం ఖర్చయితే రాదని చెప్పింది. అంటే కోర్టుకెక్కితే వాళ్లు గెలవకపోవచ్చు. కానీ మీరు కోర్టు కాదు, ఆ వీధి సభ్యురాలు. పండగకు వచ్చేవాళ్లందరూ నడిచే దారి మీద దీపాలు, తాగునీళ్లు, మర్నాడు చెత్త ఎత్తడం, ఆడవాళ్లకు మరుగుదొడ్లు అంటే వాళ్లు కాదంటారా? అవి జాతర ఖర్చు కాదు, పంచాయతీ ఎలాగూ చేయవలసిన పని. డిసెంబరులో వాళ్ల చర్చి దగ్గర వేడుకకు కూడా అవే దీపాలు, అవే నీళ్లు ఇస్తామని అదే తీర్మానంలో రాయించండి. మాటగా చెప్పడం వేరు, పుస్తకంలో ఉండడం వేరు.

సినిమావాళ్లకు ప్రభుత్వాలు చేసే మేళ్ల గురించి కూడా ఇంట్లో రగడ జరిగిందని రాశారు. టిక్కెట్టు ధర పెంచుకోనివ్వడం ఒకటి, పన్ను వదిలేయడం మరొకటి. ధర పెంచితే పోయేది చూడబోయినవాడి జేబు. పన్ను వదిలితే పోయేది చూడనివాడి డబ్బు కూడా. 2017 జనవరిలో 'గౌతమీపుత్ర శాతకర్ణి'కి వినోదపు పన్ను మినహాయించారు, చరిత్ర చెప్పిన సినిమా అని. అప్పుడు మీ మామగారు ప్రజల సొమ్ము అన్నారా? అని ఉండరు. మీ అబ్బాయి కూడా తన అభిమాన హీరో సినిమాకు ఇస్తే అనడు. ఆ ఏడాది జులైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల చేతిలో ఆ పాత వినోదపు పన్నే లేకుండా పోయింది కాబట్టి ఈ రగడను నేను ఇంతటితో వదిలేస్తున్నాను.

సరే, ఆ రాత్రి సంగతి. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు పనికిరాదు. పండగలకు ప్రభుత్వం సడలించినా అర్ధరాత్రి 12 దాటదు, అదీ ఏడాదిలో 15 రోజులకు మించి కాదు. కాబట్టి తెల్లవార్లూ నాటకం కుదరదు, తెల్లవార్లూ డీజే కుదరదు. ఇద్దరికీ ఒకే గడియారం. పగటిపూట ఘటాలతో పాటు తప్పెటగుళ్లు వీధుల్లో తిరగనివ్వండి, అసలు ఆ ఆట పుట్టింది వేదిక కోసం కాదు. చీకటి పడ్డాక హరిశ్చంద్రలో కాటి సీను ఒక్కటీ పెట్టమనండి. బృందాలు సీన్లుగా ఆడడం కొత్తేమీ కాదు. ఆ తర్వాత డ్యాన్సు, సమయం ముగిసే వరకు. విజయనగరంలో సిరిమాను పండగకు జరిగే ఉత్సవాల్లో ఒకచోట హరికథ, మరోచోట సినిమా పాటలు నడుస్తూనే ఉంటాయి. పైడితల్లమ్మ ఎవరి మీదా అలగలేదు.

వేదికకు ఒకవైపు ఆడవాళ్లకు కుర్చీలు, వెళ్లడానికి వేరే దారి, ఆ దారి పొడవునా దీపాలు ఉండాలి. తాగి వచ్చినవాడిని బయటికి పంపే పని యువకులదే. కార్యక్రమం తెచ్చేది వాళ్లయితే కాపలా కూడా వాళ్లదే. ఇంకొకటి, ఇరుపక్షాల పోస్టుల్లో ఎక్కడా కనిపించనిది: డ్యాన్సు చేయడానికి వచ్చే ఆడపిల్లలు. ఊరి పరువు గురించి అన్ని పేజీలు రాసినవాళ్లలో ఒక్కరూ వాళ్లు బట్టలు ఎక్కడ మార్చుకుంటారని అడగలేదు. తలుపుకు గడియ ఉన్న గది, భోజనం, ఆట అయిన వెంటనే తిరుగు ప్రయాణానికి వాహనం ఉండాలి. ఎవరూ వేదిక ఎక్కి నోట్లు గుచ్చకూడదు. ట్రూపు కాంట్రాక్టరుతో మాట్లాడేటప్పుడు ఇవన్నీ కాగితం మీద పెట్టించండి. డబ్బు మొత్తం కాంట్రాక్టరు మింగకుండా వాళ్ల కూలి వాళ్లకు అందుతుందా అన్నది కూడా కనుక్కోండి. ఈ షరతులకు ఒప్పుకోని ట్రూపును వదిలేయండి. అప్పుడు మీ మామగారి "బూతు" అన్న అభ్యంతరంలో నిజంగా పట్టించుకోవలసిన భాగం తీరిపోతుంది. మిగతాది ఆయన రుచి, ఆయన ఇంట్లో ఆయన అట్టే పెట్టుకోవచ్చు.

ఓటు విషయం. లక్ష రూపాయలు ఏ కార్యక్రమానికీ వద్దు, దీపాలు, నీళ్లు, మరుగుదొడ్లు, పారిశుద్ధ్యానికి కావలసినంత ఖర్చు చేద్దాం అని మీరే సవరణ ప్రతిపాదించండి. ఓడిపోవచ్చు. ఓడినా మీ మాట పుస్తకంలో నమోదు చేయమని అడగండి. మీ ఆయనకు ఫోను చేసి, ఎందుకు అలా వేయబోతున్నారో ముందే చెప్పండి. అనుమతి అడగకండి. గెలిచింది మీరు, ఆయన కాదు. ఆయన మంచివారని ఉత్తరంలో మూడుసార్లు రాశారు, అర్థం చేసుకుంటారు.

తాతా మనవళ్లను కలిపే బాధ్యత మీ నెత్తిన వేసుకోవద్దు. మధ్యలో కబుర్లు మోయడం మానేయండి. "తాతకు చెప్పమ్మా" అంటే "పక్క గదిలోనే ఉన్నారు, వెళ్లి చెప్పు" అనండి. చందా లెక్కలు ఇద్దరికీ కలిపి అప్పగించమని కమిటీకి సూచించవచ్చు. ఫోనులో వచ్చే డబ్బు వాడికి తెలుసు, పుస్తకంలో పద్దు రాయడం ఆయనకు తెలుసు. రాత్రి కూర్చుని మొత్తం సరిపోకపోతే ఎవరో ఒకరు ముందు నోరు విప్పక తప్పదు.

ఇక మీకు ఇష్టమైన పాట ఏదో ఉత్తరంలో రాయలేదు. ఒక చీటీ మీద రాసి మీ అబ్బాయి చేతికివ్వండి, తొమ్మిదిన్నరలోపు పాడించమనండి. కుర్చీల్లో మొదటి వరస మీరు కూర్చుంటే రెండో వరసకు మీ వీధివాళ్లు వస్తారు.